గాలిపరుపు వేసినా నడుం కింద ఎరుపు ఎందుకు పోవడం లేదు?

ప్రశ్న: మా అత్తకి అరవై ఎనిమిదేళ్లు, బరువు 55 కిలోలు. షుగర్ ఉంది. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట తెలుస్తుంది, నోటితోనే తింటుంది గానీ తనంతట తాను కదల్లేదు. గాలిపరుపు వెయ్యమన్నారని శ్రీకాకుళంలో బుడగల పరుపు, మోటారు కొని తెచ్చాం. నవ్వారు మంచం మీద అది వేసి, చెమట పోస్తోందంటే పైన బొంత పరిచి, దాని మీద రబ్బరు షీటు, దుప్పటి వేశాం. అయినా నడుం కింద ఎముక దగ్గర రూపాయి బిళ్లంత ఎర్రబడింది, రెండు రోజులైనా తగ్గలేదు. కుడి మడమ నల్లగా కమిలినట్టుంది. పక్కింటావిడ సైకిల్ ట్యూబుకి గాలి కొట్టి నడుం కింద పెట్టమంటోంది. ఇంకొకరు గ్లవుజుల్లో నీళ్లు నింపి మడమ కింద పెట్టమన్నారు. కరెంటు పోతే పరుపు దిగిపోతోంది. పగలు ఇంట్లో నేనూ మా మావే ఉంటాం, ఆయనకి ఎత్తే ఓపిక లేదు. ఇంకా ఖరీదైన పరుపు కొనాలా?
— ఒక కోడలు, నరసన్నపేట దగ్గర పల్లె

సమాధానం: కొత్త పరుపు కొనకండమ్మా. ఉన్నదాన్ని వేసిన తీరు వల్లే అది పనిచెయ్యడం లేదు. దాన్ని సరిచెయ్యడం పెద్ద పనేమీ కాదు. దానికంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది: ఇది చదివిన వెంటనే ఆవిడ కుడి మడమ మంచానికి తగలకుండా పైకి లేపండి. ఎలా లేపాలో కింద చెప్తాం. మీరు నడుం దగ్గర ఎరుపు గురించి ఎక్కువ కంగారుపడ్డారు గానీ, షుగర్ ఉన్న మనిషికి మడమ నల్లబడడం అంతకంటే పెద్ద సంగతి. చర్మం చిట్లకుండా నల్లగానో ఊదాగానో కమిలిందంటే లోపల ఎముకని అంటుకున్న కండ దెబ్బతిని ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకి చూపించండి. పాదంలో నాడి కొట్టుకుంటోందో లేదో కూడా చూడమని అడగండి. కాలికి రక్తం సరిగ్గా అందకపోతే ఎంత మంచి పరుపు వేసినా మడమ మానదు.

నడుం కింద ఎరుపుని మీరే పరీక్షించొచ్చు. వేలితో మూడు సెకన్లు నొక్కి తియ్యండి. నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఇంకా ఆడుతోందని అర్థం, బరువు తీసేస్తే తగ్గిపోతుంది. నొక్కినా రంగు మారకపోతే అది పుండుకి మొదటి దశ, చర్మం చిట్లకపోయినా సరే. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనబడదు. పక్కనున్న చర్మంతో పోల్చి చూడండి: అక్కడ వేడిగా ఉందా, గట్టిపడిందా, లేక పిండిలా మెత్తబడిందా, ముట్టుకుంటే ఆవిడ మూలుగుతోందా? రంగు కంటే చెయ్యే బాగా చెబుతుంది. ఏ దశ అయినా ఆ చోట రుద్దొద్దు, మాలీషు చెయ్యొద్దు. రక్తం ఆడుతుందని నూనె పెట్టి రుద్దుతారు చాలామంది. కింద నలిగిపోయిన సన్నటి రక్తనాళాలు దాంతో ఇంకా దెబ్బతింటాయి.

ఇక పరుపు సంగతి. మెత్తగా ఉంటే చాలు, పుండు పడదనుకుంటారు. అది నిజం కాదు. ఎముకకీ మంచానికీ మధ్య చర్మం, కండ నలిగి, ఆ చోటికి రక్తం ఆగిపోయి, గంటలకొద్దీ అలాగే ఉండడం వల్ల పుండు పడుతుంది. కాబట్టి పరుపు చెయ్యాల్సినవి రెండే. బరువుని ఎక్కువ మేరకి పరచడం, లేదా బరువు ఆనే చోటుని కాసేపటికోసారి మార్చడం. మీ బుడగల పరుపు రెండోది చేస్తుంది. అందులో బుడగలు రెండు జట్లు. మోటారు ఒక జట్టుకి గాలి ఎక్కిస్తుంటే రెండోది దిగుతుంది, సుమారు పది నిమిషాలకోసారి మారతాయి. ఒక బుడగ దిగినంతసేపూ దాని మీదున్న చర్మానికి రక్తం అందుతుంది.

మీ మంచం మీద ఆ పని జరగడం లేదు. నవ్వారు నడుమ జారుతుంది, సరిగ్గా పిరుదులు ఉండే చోటే పల్లం. ఒంట్లో సగం బరువు ఆ పల్లంలోకి దిగి, కింది బుడగలు రెండు జట్లూ కలిసి చితికిపోతాయి. బుడగ ఎత్తు రెండు, రెండున్నర అంగుళాలే కదా. పైన మళ్లీ బొంత. బొంత మడతల మీద పడుకున్న మనిషికి కింద ఏ బుడగ లేచిందో ఏది దిగిందో తేడా తెలీదు. ఇక రబ్బరు షీటు చెమట ఇంకనివ్వదు. మన తీరంలో ఉక్కకి చర్మం రోజంతా నాని ఉంటుంది, నానిన చర్మం తేలిగ్గా చిట్లుతుంది. చెమట పోస్తోందని మీరు వేసినవే చెమట పెంచాయి.

ఇలా వెయ్యండి. చెక్క మంచం ఉంటే మంచిది. లేదంటే నవ్వారు మీద మంచం కొలతకి ప్లైవుడ్ బల్ల పరిచి, దాని మీద నాలుగంగుళాల ఫోమ్ పరుపు వెయ్యండి. పాత దూది పరుపు వద్దు, అది నడుమ గడ్డకట్టి రాయిలా ఉంటుంది. ఫోమ్ మీద గాలిపరుపు, బుడగలు పైకి ఉండేలా, గొట్టాలు వచ్చే కొస కాళ్లవైపు ఉండేలా పరచండి. రెండు చివర్ల రెక్కలూ ఫోమ్ కిందకి మడిచి దోపండి. మోటారుని కాళ్లవైపు మంచానికి కొక్కేలతో తగిలించండి. నేల మీద పెడితే దుమ్ము పీల్చుకుని మూలుగుతుంది, కాలు తగిలి గొట్టం ఊడుతుంది. గొట్టాలు ఎక్కడా మడత పడకూడదు. ఖాళీ పరుపు నిండడానికి అరగంట పడుతుంది. నిండాకే మనిషిని పడుకోబెట్టండి. పైన ఒక్కటంటే ఒక్కటే పల్చటి నూలు దుప్పటి, అదీ వదులుగా. బిగించి లాగి కడితే దుప్పటే ఉయ్యాలలా బరువు మోస్తుంది, బుడగలు దానికింద ఊరికే ఆడుతుంటాయి. మూత్రం భయం ఉంటే పిరుదుల కింద మాత్రం ఒక్క అండర్‌ప్యాడ్. డైపరు వేస్తే అదీ వద్దు.

మోటారు మీద గాలి పెంచే తగ్గించే మర తిప్పేముందు కాస్త ఆగండి. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ మేలనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అప్పుడు బుడగలు బల్లలా గట్టిపడి ఆ కొసల మీదే బరువంతా నిలబడుతుంది. మర మీద కిలోలు రాసి ఉంటే 55 దగ్గర పెట్టండి. సాఫ్ట్, ఫర్మ్ అని మాత్రమే ఉంటే నడుమ కంటే కొంచెం తక్కువలో మొదలుపెట్టండి. అసలు నిర్ణయం మీ చేతిది. ఆవిడ వెల్లకిలా ఉండగా గాలిపరుపుకీ ఫోమ్‌కీ మధ్య మీ చెయ్యి దూర్చండి, అరచెయ్యి పైకి, వేళ్లు చాపి, సరిగ్గా నడుం ఎముక కిందకి. మీ వేళ్లకీ ఆవిడ ఎముకకీ మధ్య కనీసం ఒక అంగుళం గాలి దళసరి తెలియాలి. ఎముక వేళ్లకి తగిలినట్టుంటే పరుపు నేలంటిందన్నమాట, గాలి పెంచండి. గాలి పెంచినా తగులుతుంటే ఆ పరుపు ఆ బరువుని మొయ్యలేదు, అప్పుడే కొత్తది ఆలోచించాలి. పది నిమిషాలు ఆగి, బుడగలు మారాక ఇంకోసారి చూడండి. తలవైపు ఎత్తి కూచోబెట్టినప్పుడు బరువంతా పిరుదుల మీదకి వస్తుంది, అప్పుడు మళ్లీ చూడాలి. రోజుకొక్కసారైనా ఈ పరీక్ష చేస్తుంటే చిల్లు పడిన సంగతీ ముందే తెలిసిపోతుంది.

చిల్లు అంటే గుర్తొచ్చింది: దోమతెర గుచ్చే పిన్నీసులు, గోళ్లు, ఎలుకలు, ఈ మూడే ఎక్కువ. సబ్బు నురుగు రాస్తే బుడగలొచ్చే చోట చిల్లు దొరుకుతుంది. పెట్టెలో ఇచ్చిన అతుకు, జిగురు చాలు.

కరెంటు పోతే పరుపు దిగుతోందన్నారు. ఆ మోటారు లాగేది సాధారణంగా పది వాట్లలోపే (అడుగున చీటీ మీద రాసి ఉంటుంది), చిన్న ఇన్వర్టరు కూడా గంటలకొద్దీ నడుపుతుంది. ఇన్వర్టరు లేకపోతే కింద వేసిన ఆ నాలుగంగుళాల ఫోమే మీకు దిక్కు. అందుకే అది వెయ్యమన్నాం. కరెంటు పోయిన వెంటనే గొట్టాలు మోటారు దగ్గర ఊడదీసి మడిచి రబ్బరుబ్యాండు వేస్తే గాలి కొంతసేపు నిలుస్తుంది, గాలి ఆడే పని మాత్రం జరగదు. కాబట్టి కరెంటు లేనంతసేపూ పక్క మార్చే వేళలు దగ్గర చెయ్యండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పలాస వైపు చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మోటారునే నమ్ముకుని కింద ఏమీ వెయ్యని మంచం అలాంటప్పుడు ఉత్త ప్లాస్టిక్ కాగితమే.

ఖరీదైనది కొనాలా అన్నారు కాబట్టి ఒక మాట. అడ్డంగా పొడవాటి గొట్టాలుండే పరుపు నాలుగైదు అంగుళాల ఎత్తు ఉంటుంది, బరువైన మనుషులకి అదే మేలు. 55 కిలోల మనిషికి బుడగల పరుపు సరిపోవచ్చు, చెయ్యి పరీక్ష నెగ్గితే చాలు. పుండు పడి లోతుకి వెళితే మాత్రం గొట్టాల పరుపుకి మారండి. అసలు మోటారే వద్దనుకునేవారికి మంచి ఫోమ్ కూడా తక్కువేమీ కాదు. బ్రిటన్‌లో 2,029 మంది రోగుల మీద గాలిపరుపునీ మేలురకం ఫోమ్‌నీ పోల్చి చూసి 2019లో ఫలితాలు ప్రకటించారు. కొత్త పుండ్లు పడడంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అయితే ఆ ఫోమ్ మన షాపుల్లో రెండేళ్లకి చప్పబడే రకం కాదు. ఫోమ్ కొనేవాళ్లు ఐదారు అంగుళాల మందం, 35కి తగ్గని డెన్సిటీ అడగండి. నడుమ గుంట పడి, చెయ్యి తీసినా లేవకపోతే మార్చెయ్యాలి.

సైకిల్ ట్యూబు మాట మర్చిపోండి. సర్జికల్ షాపులో అమ్మే గాలి రింగు కూడా అంతే. రింగు మధ్య ఖాళీలో ఎముక ఉంటుంది కాబట్టి ఒత్తిడి పోయిందనిపిస్తుంది. కానీ ఆ బరువు ఎక్కడికి పోతుంది? చుట్టూ ఉన్న సన్నటి వలయం మీదే మొత్తం పడి, చుట్టూ చర్మం నొక్కుకుపోతుంది. నడుమనున్న చోటికి రక్తం వచ్చే దారి చుట్టూ మూసుకుంటుంది, నీరు చేరుతుంది. ఉన్న ఎరుపు పెద్దదవుతుంది, చుట్టూ కొత్తది పడుతుంది. మూలశంక ఆపరేషన్ల కాలం నుంచి ఇళ్లల్లో పాతుకుపోయిన వస్తువది, పక్కింటావిడని తప్పుపట్టలేం. నీళ్ల గ్లవుజులూ అంతే. మడమ ఎముక కొన తేలిగ్గా పక్కకి జారుతుంది, గ్లవుజు ఎంత చిన్నదో బరువు అంత చిన్న చోటే ఆనుతుంది, రాత్రి చిట్లితే పక్క తడుస్తుంది. గొంగళి మడిచి వేస్తారు కొందరు. మెడికల్ గొర్రెచర్మం అని వేరే ఉంది, నిజమైన ఉన్ని దట్టంగా ఉండేది. అది కొంత పనికొస్తుందని తేలింది. మన గరుకు గొంగళి దానికి సాటి రాదు, చర్మం గీరుతుంది.

మడమకి కావలసింది ఏ మెత్తా కాదు, ఖాళీ. గట్టిపాటి దిండు ఒకటి తీసుకుని పొడవునా పిక్క కింద పెట్టండి, మోకాలి కింద నుంచి చీలమండకి కాస్త పైదాకా. మడమ దిండు అంచు దాటి గాల్లో వేలాడాలి. దిండు చీలమండ వెనక తాడులా తగిలే స్నాయువు మీద నొక్కకూడదు, మోకాలు పూర్తిగా చాచుకుపోకుండా రవ్వంత వంగి ఉండాలి. మడమకీ దుప్పటికీ మధ్య ఒక కాగితం అటూ ఇటూ లాగండి, తగలకుండా వస్తే సరిగ్గా పెట్టినట్టు. పడిపోయిన కాలు బయటికి వాలిపోయి చీలమండ ఎముక పరుపుకి ఆనుతుంది, కాబట్టి తొడ పక్కన చుట్టిన తువ్వాలు ఒకటి అడ్డం పెట్టండి. రెండు కాళ్లకీ చెయ్యాలి. కాళ్ల మీద దుప్పటి బిగించి దోపకండి.

ఎంత మంచి పరుపు వేసినా పక్క మార్చడం తప్పదు. పరుపు మీకు వ్యవధి ఇస్తుంది, అంతే. నడుం దగ్గర ఎరుపు పోయేదాకా ఆవిడని వెల్లకిలా పడుకోబెట్టకండి, తిండి వేళ తప్ప. ఎడమ పక్క రెండు గంటలు, కుడి పక్క గంట, మళ్లీ ఎడమ. కుడి పక్క స్పర్శ తక్కువ కాబట్టి అక్కడ తక్కువసేపు. పక్కకి అంటే పూర్తిగా ఒత్తిగిలి కాదు. అలా పడుకుంటే తుంటి ఎముక మీద బరువంతా పడి అక్కడ పుండు లేస్తుంది. వీపు వెనక భుజం నుంచి పిరుదు దాకా పొడవాటి దిండు దోపి, 30 డిగ్రీలు మాత్రమే వాల్చాలి. నడుం ఎముక కింద మీ చెయ్యి ఖాళీగా ఆడాలి, తుంటి ఎముక కిందా ఆడాలి. బరువు పిర్ర కండ మీద ఆనిందన్నమాట. మోకాళ్ల నడుమ ఒక దిండు. పక్క మార్చిన ప్రతిసారీ అంతవరకూ కిందున్న చోటు చూడండి. అరగంటలో ఆ ఎరుపు పోకపోతే మీ వ్యవధి ఎక్కువైంది, తగ్గించండి. వారం రోజులు ఒళ్లు శుభ్రంగా ఉంటే రాత్రిపూట మూడు గంటలకి పెంచొచ్చు, మీరూ నిద్రపోవాలి కదా.

ఒక్కరే తిప్పడానికి బలం కంటే పద్ధతి ముఖ్యం. మంచానికి రెండు పక్కలా మీరు నిలబడే చోటు ఉంచండి. ఎటు తిప్పాలో అటు మీరు నిలబడి, ఆవిడ అవతలి మోకాలు మడిచి పాదం పరుపు మీద ఆనించండి. చేతులు పొట్ట మీద పెట్టండి. ఒక చెయ్యి అవతలి భుజం వెనక, ఇంకొకటి తుంటి వెనక వేసి మీవైపు దొర్లించండి. పడిపోయిన కుడి చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకండి, భుజం జారుతుంది. మంచంలో పైకి జరపాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరు కావాలి. పాత నూలు చీర నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా కింద పరిస్తే, మీరొక అంచు, మీ మావగారొక అంచు పట్టి రవ్వంత లేపి జరపొచ్చు. ఈడిస్తే చర్మం దుప్పటికి అంటుకుని ఆగిపోతుంది, లోపల ఎముక మాత్రం జారుతుంది. ఆ రాపిడి చేసే చెరుపు ఉత్త బరువు కంటే ఎక్కువ. పని అయ్యాక ఆ చీర మడతలు తీసెయ్యండి, కింద వదిలెయ్యకండి.

తినిపించేటప్పుడు మాత్రం బాగా లేపి కూచోబెట్టాలి, లేదంటే పక్షవాతం మనిషికి మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి, ఆ తర్వాత తలవైపు ఎత్తండి. అప్పుడు కిందికి జారదు. తిన్నాక అరగంట అలాగే ఉంచి, తర్వాత 30 డిగ్రీలకి దించి పక్కకి వాల్చండి. ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెడితే మూడు నాలుగు అంగుళాల ఫోమ్ మెత్త వెయ్యండి, పాదాలు నేలకి ఆనాలి. ఎరుపు ఉన్నన్నాళ్లు ఒక్క విడతకి గంట దాటొద్దు.

ఒళ్లు తడిసిన వెంటనే నీళ్లతో కడిగి అద్ది తుడవండి, రుద్దకుండా. ఆపైన జింక్ ఆక్సైడ్ మలాము పల్చగా. పౌడరు, స్పిరిటు, డెట్టాలు, పసుపు ఏవీ వద్దు. పౌడరు తడికి ముద్దలై ఇసకలా గీరుతుంది.

తిండి విషయంలో చోడి (రాగి) అంబలి ఒక్కటే పోస్తుంటే కడుపు నిండుతుంది గానీ కండ నిలవదు. ఆవిడ బరువుకి రోజుకి 70 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లు, అరలీటరు పాలో పెరుగో, వంద గ్రాముల చేప, రెండు కప్పుల పప్పు, అన్నంలో ఉండేది కలిపితే దాదాపు సరిపోతుంది. ముళ్లు బాగా తీసి మెత్తగా పిసికి పెట్టండి. షుగర్ అదుపులో లేకపోతే ఇవన్నీ పెట్టినా పుండు మానదు. ఒక్క జాగ్రత్త: ఉద్దానం వైపు ఇళ్లల్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ లెక్క పట్టుకోకూడదు. డయాలసిస్ మొదలవని వాళ్లకి మాంసకృత్తులు ఎంతివ్వాలో డాక్టరే చెప్పాలి. మీ అత్తగారికి కూడా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి ఉండకపోతే ఒకసారి చూపించండి.

ఖర్చుల గురించి మీరు అడగలేదు గానీ, రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 2024 జూలై నుంచి నెలకి 15,000 రూపాయల పింఛను ఉంది. ఆస్పత్రి కాగితాలు పట్టుకుని సచివాలయంలో అడగండి. ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ వచ్చినప్పుడు నడుము, మడమ రెండూ విప్పి చూపించండి, పైనుంచి పలకరించి పోనివ్వకండి.

మడమ మీద నలుపు ఎండి గట్టి పెచ్చులా మారితే, చీము, వాసన, చుట్టూ ఎరుపు లేనంతవరకూ దాన్ని గిల్లకండి, నానబెట్టి ఊడదీయకండి. పొడిగా, ఒత్తిడి లేకుండా ఉంచండి. ఆ పెచ్చు కింద మెత్తబడినా, అంచు నుంచి నీరు కారినా, జ్వరం వచ్చినా, ఆవిడ ఉన్నట్టుండి మగతగా మాట తడబడినా ఆ రోజే శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఆటోలో కూచోబెట్టి కాదు, 108 పిలిచి పడుకోబెట్టి, పిక్క కింద ఆ దిండు అలాగే ఉంచి.